బెలూన్ వద్దు, ఫుట్‌బాల్ తెచ్చుకోండి: ఇంట్లో పేపర్ మాషే గ్లోబ్ చేసుకునే పద్ధతి

ముందే చెప్పేస్తున్నా, పేపర్ మాషే అంటే కాగితం ముక్కలు జిగురుతో వరసలుగా అంటించి ఆకారం చేయడం, ఇది ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు. "అమ్మా రేపు గ్లోబ్ తీసుకెళ్ళాలి" అని రాత్రి తొమ్మిదింటికి తీరిగ్గా చెప్పే పిల్లలు మీ ఇంట్లో కూడా ఉంటే ఆ పూటకి ఇది చదవడం ఆపేసి స్టేషనరీ షాపు మూసేలోపు పరిగెత్తండి. తీరికగా ఒక వారం ఉంటే మాత్రం చేయండి, చేతికి పెద్ద పనేం ఉండదు, రోజుకో గంట, మిగతా టైమంతా ఎండటానికే.

మేం మొదటిసారి అందరిలాగే బెలూన్ తోనే చేశాం. మా చిన్నోడు ఆరో క్లాసు, సోషల్ లో గ్లోబ్ పాఠం, దానికో ప్రాజెక్టు. రాత్రి బెలూన్ ఊది, పేపర్ ముక్కలు మూడు వరసలు గబగబా అంటించేసి, ఈగలు దోమలు ఎందుకని ఏసీ రూమ్ లో పెట్టి పడుకున్నాం. పొద్దున్నే చూస్తే ఒక పక్క చెంప లోపలికి పోయి ఉంది. ఎందుకంటే చల్లదనానికి బెలూన్ లో గాలి తగ్గుతుంది, కొంచెం కొంచెం లీక్ కూడా అవుతుంది, తడి పేపర్ కి ఇంకా బలం వచ్చి ఉండదు కాబట్టి బెలూన్ తో పాటే లోపలికి లాక్కుపోతుంది. అది సరిచేద్దామన్నా అసలు ఆకారమే గుండ్రం కాదు కదా, ముడేసిన వైపు సన్నంగా అవతల వైపు లావుగా అచ్చం గుత్తి వంకాయ. మావాడు దానికే నీలం రంగేసి "వంకాయ గ్రహం" అని పేరు పెట్టి చెల్లెలికిచ్చేశాడు.

రెండోసారి పెద్దోడి ఫుట్‌బాల్ తీసుకున్నాం, ఇక వేరేదాని జోలికి పోలేదు. దీనికి కారణాలున్నాయి. ఒకటి నిజంగా గుండ్రంగా ఉంటుంది. రెండు, పని అయ్యాక గాలి తీసేస్తే చక్కగా ఊడొస్తుంది, బంతి పాడవ్వదు. మూడోది నాకు భలే నచ్చిన లెక్క. పెద్దవాళ్ళు ఆడే 5 నంబర్ ఫుట్‌బాల్ చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు ఉంటుంది, దాని మీద పేపరూ పుట్టీ కలిపి ఒక 3 మిల్లీమీటర్ల మందం పడితే చుట్టుకొలత ఇంచుమించు 72 కి చేరుతుంది. 72 ని 360 డిగ్రీలకి పంచితే ఒక డిగ్రీకి సరిగ్గా 2 మిల్లీమీటర్లు! అంటే మామూలు స్కేలూ టైలర్ టేపూ పెట్టుకుని ఏ ఊరైనా ఎక్కడుందో గ్లోబ్ మీద పెట్టేయొచ్చు. ఒకట్రెండు సెంటీమీటర్లు తక్కువైనా ఎక్కువైనా పెద్ద తేడా రాదు.

జిగురు సంగతి చూద్దాం. మైదానే బెస్టు, గోడల మీద సినిమా పోస్టర్లు అంటించేది దీంతోనే. కప్పు మైదాని కప్పు చన్నీళ్ళలో ఉండ లేకుండా కలుపుకోండి, ఇంకో గిన్నెలో మూడు నాలుగు కప్పుల నీళ్ళు మరగబెట్టి అందులో ఇది పోస్తూ తిప్పుతూనే ఉండాలి, తెల్లటి రంగు పోయి కొంచెం అద్దంలా మెరుపొచ్చి దోశ పిండి కంటే పల్చగా ఉన్నప్పుడు దించేయండి, చల్లారాక ఎలాగూ గట్టిపడుతుంది. ఒక స్పూన్ ఉప్పు, రెండు స్పూన్ల ఫెవికాల్ వేస్తే బూజు తొందరగా రాదు, పట్టు కూడా గట్టిగా ఉంటుంది. పోస్టర్లు అంటించేవాళ్ళు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు, అది విషం, పిల్లలు చేతులు పెట్టే గిన్నెలో మాత్రం వద్దే వద్దు. మిగిలిన జిగురు ఫ్రిజ్ లో రెండ్రోజులు ఉంటుంది, గిన్నె మీద చీటీ అంటించండి, మా ఆయన అది రవ్వదోశకి కలిపిన పిండేమో అనుకుని గరిట పట్టుకున్నారు.

అసలు ఈ కాగితం గుజ్జు మనకేం కొత్త కాదు, పేరు ఒక్కటే ఫ్రెంచ్. మా అమ్మమ్మ పాత పుస్తకాల కాగితాలన్నీ రెండ్రోజులు నీళ్ళలో నానేసి, నానబెట్టిన మెంతులు వేసి రోట్లో రుబ్బి ఆ ముద్దని చాటలకీ బుట్టలకీ అలికేది, కన్నాలు మూసుకుపోయి బియ్యం గింజ కూడా కారేది కాదు, మెంతి చేదుకి పురుగూ వచ్చేది కాదు. కొండపల్లి బొమ్మల వాళ్ళు కూడా చేతులూ తలలూ అతకడానికి చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి మక్కు అని వాడతారు. కాబట్టి మైదా నచ్చకపోతే మెంతి పిండితోనో చింతగింజల గంజితోనో చేసుకోవచ్చు, టైం మాత్రం ఎక్కువ పడుతుంది.

ఫుట్‌బాల్ కి గాలి నిండుగా కొట్టించి, వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టండి, లేకపోతే వాజలైన్ దట్టంగా రాయండి, రెండూ చేస్తే ఇంకా మంచిది. గాలి కొట్టే కన్నం చుట్టూ మాత్రం రూపాయి బిళ్ళంత చోటు వదిలేయండి, అక్కడ పేపర్ అంటించొద్దు. అదే మన దక్షిణ ధ్రువం. బంతిని ఒక స్టీలు గిన్నె మీద కూర్చోబెట్టుకుంటే దొర్లదు.

పేపర్ని కత్తెరతో కట్ చేయొద్దు, చేత్తో చించండి. కత్తిరించిన అంచు కత్తిలా నిలబడి గీత కనిపిస్తుంది, చించిన అంచుకి నూగులాంటి పీచు ఉంటుంది కాబట్టి పక్కదానిలో కలిసిపోతుంది. న్యూస్ పేపర్ ఒక వైపు నుంచి చించితే సర్రున తిన్నగా వస్తుంది, రెండో వైపు నుంచి అడ్డదిడ్డంగా పోతుంది, తిన్నగా వచ్చే వైపు పట్టుకోండి. రెండు వేళ్ళ వెడల్పు, జానెడులో సగం పొడుగు చాలు, అంతకన్నా పెద్దవైతే గుండ్రం మీద ముడతలు పడతాయి. నున్నగా మెరిసే ఆదివారం పేజీలు వద్దు, అవి జిగురు పీల్చవు.

ఒక తెలుగు పేపర్ వరస, దాని మీద ఇంగ్లీష్ పేపర్ వరస, ఇలా మార్చి మార్చి వేయండి. అందానికి కాదు. అంతా ఒకే పేపరైతే ఎక్కడ వేశామో ఎక్కడ వదిలేశామో తెలియదు, ఇలా చేస్తే అచ్చ తెలుగు అక్షరాలు ఎక్కడా కనిపించకపోతే ఆ వరస పూర్తయినట్టు. ముక్కని జిగురులో ముంచి, రెండు వేళ్ళ మధ్య లాగి ఎక్కువ జిగురు పిండేసి, సగం సగం ఒకదాని మీద ఒకటి వచ్చేలా అంటించి అరచేత్తో మధ్యలోంచి అంచులకి నిమరాలి, గాలి బుడగ మిగిలితే ఎండాక అక్కడ డొల్లగా కొట్టుకుంటుంది. ఒక వరస నిలువుగా వేస్తే తర్వాతది అడ్డంగా. మొత్తం ఏడెనిమిది వరసలు కావాలి, కానీ రోజుకి రెండే, మహా అయితే మూడు. ఇక్కడే అందరూ ఆత్రపడతారు. ఎనిమిది వరసలూ ఒకేరోజు వేసేస్తే పైన గట్టిపడి లోపల తడి అలాగే ఉండిపోతుంది, నాలుగోరోజుకి నల్లటి బూజు, ముక్కుకి మూతికి గుడ్డ కట్టుకోవాల్సిన వాసన. వానాకాలంలో అయితే మరీ జాగ్రత్త.

ఎండిపోవాలని మే నెల ఎండలో డాబా మీద పెడదామనుకుంటారు, వద్దు. బెజవాడ ఎండకి బంతిలో గాలి వేడెక్కి ఉబ్బుతుంది, పైన పేపర్ ఇంకా పచ్చిగా ఉండి పర్రుమని చీలిక వస్తుంది, మాకు ఒక జానెడు చీలింది. నీడలో ఫ్యాన్ కింద పెట్టి రెండు మూడు గంటలకోసారి తిప్పుతూ ఉంటే చాలు. ఎండిందో లేదో చేత్తో తట్టి చూస్తే తెలిసిపోతుంది, తడిగా ఉంటే మెత్తగా దబ్ మంటుంది చల్లగా తగులుతుంది, ఎండితే ఖాళీ కొబ్బరి చిప్పలా టక్ మంటుంది.

అన్ని వరసలూ ఎండాక కోసే పని. దక్షిణ ధ్రువం దగ్గర వదిలిన కన్నం మధ్య నుంచి టైలర్ టేపు పట్టుకుని, మీ చుట్టుకొలతలో నాలుగో వంతు, అంటే ఇంచుమించు పద్దెనిమిది సెంటీమీటర్ల దూరంలో చుట్టూ చుక్కలు పెట్టి కలపండి, అదే భూమధ్యరేఖ. ఆ గీతకి అడ్డంగా మూడు నాలుగు చోట్ల చిన్న గుర్తులు పెట్టుకోండి, మళ్ళీ అతికేటప్పుడు ఏ ముక్క ఎక్కడిదో తెలియాలి కదా. ఇప్పుడు కన్నంలో సూది పెట్టి గాలి తీసేస్తే బంతి లోపల ముడుచుకుంటుంది, అప్పుడు కట్టర్ తో గీత మీద కోస్తే బంతికి గాటు పడదు. ఇది పెద్దవాళ్ళ పని, పిల్లలకి కట్టర్ ఇవ్వొద్దు. కోసి విడదీస్తే రెండు పెద్ద చిప్పలు, ఆ క్షణం పిల్లల మొహాలు చూడాలి. మావాడు ఒకటి నెత్తిన పెట్టుకుని ఇల్లంతా తిరిగొచ్చాకే ఇచ్చాడు.

పూర్వం గ్లోబులు చేసేవాళ్ళ పద్ధతి కూడా ఇదే, చెక్క అచ్చు మీద కాగితం వరసలు అంటించి, మధ్యలో కోసి ఊడదీసి, లోపల చెక్క ఇరుసు పెట్టి మళ్ళీ కలిపి పైన సుద్ద పూత వేసేవాళ్ళు. ఇప్పటికీ మిగిలి ఉన్న భూగోళాల్లో అన్నిటికన్నా పాతది జర్మనీలో నురెంబర్గ్ లో ఉంది, 1492 లో మార్టిన్ బెహైమ్ చేయించింది. అందులో అమెరికానే లేదు, కొలంబస్ అప్పటికింకా తిరిగి రాలేదు మరి. ఈ ముక్క చెప్పగానే మావాడి ప్రశ్న, "అయితే నేను కూడా అమెరికా వదిలేస్తే మార్కులు కట్ చేస్తారా?" డల్లాస్ లో ఉన్న వాళ్ళ మావయ్య ఒప్పుకోడురా అన్నాను.

ఇరుసుకి సైకిల్ చువ్వ బాగుంటుంది, రిపేర్ షాపులో పాతది అడిగితే ఊరికే ఇచ్చేస్తారు. ఉత్తర ధ్రువం దగ్గర కూడా కన్నం పెట్టి, రెండు చిప్పల లోపల కన్నాల దగ్గర వాటర్ బాటిల్ మూతలకి మధ్యలో చిల్లు చేసి ఫెవికాల్ తో అంటించండి, లేకపోతే తిప్పగా తిప్పగా కాగితం కన్నం పెద్దదై గ్లోబ్ ఊగిసలాడుతుంది. దక్షిణాన రూపాయంత వదిలాం కదా, మూత లోపల పెట్టాక దాని మీద నుంచి పేపర్ వేసి మూసేయండి. చిప్పలు అతికే ముందు ఒకసారి టేపుతో తాత్కాలికంగా కలిపి, చువ్వ అడ్డంగా పట్టుకుని గ్లోబ్ ని తిప్పి వదలండి. ప్రతిసారీ ఒకే వైపు కిందకొచ్చి ఆగుతుంటే అటు బరువెక్కువున్నట్టు, విప్పి దానికి ఎదురు వైపు లోపల కొంచెం కాగితం గుజ్జు అంటించి మళ్ళీ చూడండి. పాతకాలం వాళ్ళు దీనికే సీసం గుళ్ళు వేసేవాళ్ళట, మనకి గుజ్జు చాలు. తర్వాత గుర్తులు కలిపి అతికి, అతుకు మీద సన్న ముక్కలు మూడు వరసలు, ఆఖరున మొత్తం బంతి మీద తెల్ల కాగితం ఒక వరస.

పుట్టీకి హార్డ్‌వేర్ షాపుకి కూడా వెళ్ళక్కర్లేదు. రాతి ముగ్గుపిండిని పల్చటి చున్నీ గుడ్డలో జల్లించి ఫెవికాల్, కొంచెం నీళ్ళు పోసి టూత్‌పేస్టులా కలిపి, పాత ఏటీఎం కార్డుతో పల్చగా రాయండి. ఎండాక ఎమెరీ పేపర్ తో రుద్దాలి, బయట కూర్చుని మాస్కు పెట్టుకుని. రాయడం రుద్దడం రెండు సార్లు చేస్తే సరిపోతుంది, గుడ్డు పెంకులా నున్నగా రావాలంటే మూడోసారి. పైన తెల్ల డిస్టెంపర్ ఒక కోటింగ్.

ఇక అసలైన పని, నేను ఎక్కువ టైం పెట్టమనేది ఇక్కడే. చాలామంది గోడ మీది ప్రపంచ పటం చూసి కంటి అంచనాతో ఖండాలు గీసేస్తారు, అప్పుడు గ్రీన్‌లాండ్ ఆఫ్రికాకి అన్నలా తయారవుతుంది. చాలా గోడ పటాల్లో ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ సాగిపోయి ఉంటుంది, నిజానికి ఆఫ్రికా గ్రీన్‌లాండ్ కి దాదాపు 14 రెట్లు. అందుకని ముందు గళ్ళు గీసుకోవాలి.

అడ్డగీతలకి చిట్కా ఉంది. చువ్వని నిలువుగా రెండు వైపులా కదలకుండా పెట్టి, పుస్తకాల దొంతర మీద పెన్సిల్ ని అడ్డంగా పడుకోబెట్టి మొన గ్లోబ్ కి ఆనించి, గ్లోబ్ ని తిప్పండి. పెన్సిల్ కదలకూడదు, గ్లోబే తిరగాలి. గుండ్రటి గీత దానంతటదే పడుతుంది. భూమధ్యరేఖ నుంచి పైకీ కిందకీ 2 సెంటీమీటర్లకో గీత గీస్తే 10 డిగ్రీలకొక అక్షాంశం. ఈ దూరం గ్లోబ్ ఒంటి మీద టేపు పెట్టి కొలవాలి, పక్కన స్కేలు నిలబెట్టి కాదు. కర్కటరేఖ 4.7 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది, ధ్రువం 18 దగ్గర.

నిలువు గీతలకి భూమధ్యరేఖ మీద 3 సెంటీమీటర్లకో చుక్క పెట్టి ధ్రువాలకి కలపండి, 24 వస్తాయి, ఒక్కోటి 15 డిగ్రీలు. రోజుకి 24 గంటలు, భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది, అంటే మన గ్లోబ్ మీద ఒక గడి దాటితే ఒక గంట! ఒక గీతకి సున్నా అని (లండన్ లోని గ్రీనిచ్ మీదుగా పోయేది) పేరు పెట్టి అక్కణ్ణించి తూర్పుకి ఐదున్నర గళ్ళు, అంటే 16.5 సెంటీమీటర్లు వెళ్తే మన 82.5 డిగ్రీల రేఖ, కాకినాడ తుని వైపు నుంచి పోయేది. గ్రీనిచ్ టైం కన్నా మనం ఐదున్నర గంటలు ముందున్నామనేది మావాడు బట్టీ పట్టాడే గానీ, వేలితో ఐదున్నర గళ్ళు లెక్కపెట్టాకే వాడికి ఎక్కింది.

ఇప్పుడు ఖండాల అంచుల చుక్కలు పెట్టుకోండి, తర్వాత కలపడమే. ఆఫ్రికా పై కొన 37 డిగ్రీల ఉత్తరం, కింది కొన 35 దక్షిణం, అంటే భూమధ్యరేఖ దాదాపు నడుం మధ్యలోంచి పోతుంది. పడమటి కొన సున్నాకి పడమరగా 17 డిగ్రీలు, తూర్పున సోమాలియా మూల 51. దక్షిణ అమెరికా 12 ఉత్తరం నుంచి 56 దక్షిణం దాకా, దాని తూర్పు మూల 35 పడమర. ఆస్ట్రేలియా 113 నుంచి 153 తూర్పు మధ్యలో, మొత్తం భూమధ్యరేఖ కిందే. గ్రీన్‌లాండ్ 60 నుంచి 84 లోపే, ఐదు సెంటీమీటర్లు కూడా ఉండదు. మన దేశం కన్యాకుమారి దగ్గర 8 తో మొదలై 37 దాకా, నిలువునా 5.8 సెంటీమీటర్లు. సరిహద్దులు మాత్రం స్కూల్ పుస్తకంలో ఉన్నట్టే గీయించండి, కాశ్మీర్ పై భాగం కోసేసిన పటాలు నెట్ లో బోలెడు తిరుగుతుంటాయి.

హైదరాబాద్ పెట్టాలంటే 17.4 ఉత్తరం, 78.5 తూర్పు, అంటే భూమధ్యరేఖ నుంచి మూడున్నర సెంటీమీటర్లు పైకి. విజయవాడ దానికి కుడివైపు కొంచెం కిందగా, నాలుగైదు మిల్లీమీటర్లంతే. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా నిలువునా ఒకటిన్నర సెంటీమీటర్, బొటనవేలి గోరు కింద దాక్కుంటాయి. మా అత్తగారు తెనాలి కూడా పెట్టమన్నారు, పెన్సిల్ మొన మోపితే విజయవాడతో కలిసిపోయింది.

హిమాలయాలు గుజ్జుతో ఎత్తుగా చేద్దామని పిల్లలు కచ్చితంగా అడుగుతారు. లెక్క ప్రకారం మన గ్లోబ్ మీద ఒక సెంటీమీటర్ అంటే దాదాపు 556 కిలోమీటర్లు, ఎవరెస్ట్ ఎత్తు 8.8 కిలోమీటర్లు, అంటే మిల్లీమీటర్ లో ఆరో వంతు, రెండు కాగితాల మందం కూడా లేదు. మనం రుద్ది రుద్ది నున్నగా చేసిన గ్లోబే నిజానికి దగ్గర. చేస్తే చేయనివ్వండి కానీ ఈ మాట పక్కనే చీటీ మీద రాయించండి, టీచర్ కి అది ఇంకా నచ్చుతుంది.

రంగులకి పోస్టర్ కలర్ వద్దు, తడి చెయ్యి తగిలితే ఊడి వస్తుంది. యాక్రిలిక్ తీసుకోండి. సముద్రం నీలాన్ని నీళ్ళతో పల్చగా కలిపి రెండు సార్లు వేయండి, అప్పుడు పెన్సిల్ గళ్ళు లోపల్నుంచి కనిపిస్తాయి, చిక్కగా వేస్తే గీతలన్నీ మాయం. నీలమే ఎక్కువ తెచ్చుకోండి, నూటికి 71 వంతులు నీళ్ళే కదా, మాకు మధ్యలో అయిపోయి రెండో డబ్బా తెస్తే షేడ్ కలవక హిందూ మహాసముద్రం ఒక రంగు, పసిఫిక్ ఒక రంగు అయ్యాయి. పేర్లు సన్న మార్కర్ తో రాయండి, పైన వార్నిష్ వేసే ముందు ఒక మూల పరీక్షించండి, కొన్ని మార్కర్లు అలుక్కుపోతాయి.

స్టాండ్ కి చెక్క ముక్క మీద మందపాటి అట్టతో సగం చందమామలాంటి చట్రం. వాలు 23.5 డిగ్రీలు, కానీ అది నిటారు గీత నుంచి కొలవాలి. నేను కోణమానిని బల్ల మీద పెట్టి కింద నుంచి 23.5 కొలిచేశా, గ్లోబ్ మధ్యాహ్నం భోంచేసి పడుకున్నట్టు వాలిపోయింది. బల్ల నుంచి కొలిస్తే 66.5 రావాలి.

స్కూల్ కి తీసుకెళ్ళడం ఇంకో కథ, స్కూటీ మీద చేత్తో పట్టుకుంటే గాలికి లాగేస్తుంది. పెద్ద ప్లాస్టిక్ బకెట్ లో అడుగున తువ్వాలు చుట్టలా పెట్టి, స్టాండ్ విడిగా తీసేసి, గ్లోబ్ ని అందులో కూర్చోబెట్టి పైన చున్నీ కట్టండి. మేం అలాగే వెళ్ళాం, గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి "ప్రసాదమా అమ్మా" అని అడిగాడు.